దిండుకు సెలైన్

అప్పట్లో నేను నరసరావుపేటలోని ఒక ఆసుపత్రిలో నర్సుని. మాకు సెలైన్ ఎక్కించడం వచ్చో రాదో తేల్చడానికి ఒకరోజు గుంటూరు నుంచి పెద్ద డాక్టరుగారు వచ్చారు. తీరా చూస్తే స్టోరులో సీసాలు, గొట్టాలు నిండుకున్నాయి.

"ఉన్నాయనుకుని చెయ్యండి. పరీక్ష ఆగకూడదు" అన్నారాయన.

వరసగా వెళ్లి తలదిండునే రోగి చెయ్యనుకుని నరం వెతికాం. లేని సీసాను స్టాండుకు తగిలించాం. నాకంటే ముందు వెళ్లిన నర్సును "గొట్టంలో గాలి బుడగ పోయిందా?" అని గద్దించారు.

"పోయిందండీ" అంది ఆమె. ఆయన తృప్తిగా మార్కులు వేశారు.

నా వంతు నడుస్తుండగా, వాంతులూ విరేచనాలతో సొమ్మసిల్లిన క్వారీ కూలీని మోసుకొచ్చారు. మందుల షాపులో కొన్న సీసా, గొట్టం అతని భార్య చేతిలో ఉన్నాయి. డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది.

"అవి ఇటివ్వమ్మా, పరీక్షకు పనికొస్తాయి."

ఆమె సీసాను కొంగులో చుట్టేసుకుంది. "నా మొగుడు పోయేట్టుంటే మీ పరీచ్చలేందయ్యా? అక్కా, నువ్వన్నా రా!"

దిండును వదిలి వెళ్లాను. నీరింకిన ఆ చేతిలో నరం దొరకడానికి చెమటలు పట్టాయి. సీసాలో చుక్కలు పడుతుంటే ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది. సాయంత్రానికి అతను లేచి గంజి తాగాడు.

మిగతా అందరూ ప్యాసయ్యారు. పరీక్ష మధ్యలో రోగి దగ్గరకు వెళ్లినందుకు నేనొక్కదాన్నే తప్పాను. సెలైన్ పెట్టడం నేర్చుకురమ్మని నన్ను గుంటూరు పంపారు. అక్కడ పాఠం చెప్పేవారు సెలవులో ఉన్నారు. రెండు సినిమాలు చూసి, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను.