దండ పడిన మెడ

రాజాంలో నేను పనిచేసే బట్టల షాపు ముందు ఒక పొద్దున్న పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నడివయసు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కనిపించిన ప్రతిదీ చదివితే గాని కదలను. ‘మా కుటుంబంలోకి కొత్త ఉద్యోగికి స్వాగతం’ అని ఉంది. పైన షావుకారు ఫొటో, పక్కన ఆయన కొడుకు ఫొటో, మూలన చిన్నగా దేవుడి ఫొటో. కొత్త ఉద్యోగి పేరు వెయ్యడానికి మాత్రం చోటు చాలలేదు.

ఈ ముచ్చటంతా చిన్న షావుకారుది. విజయనగరంలో ఏదో పెద్ద చదువు చదివి వచ్చాడు. పనివాళ్లని ప్రేమగా చేర్చుకుంటే జీతం పెంచమని అడగరని అక్కడ చెప్పారట. నేను చేరినప్పుడు ఇంత ప్రేమ ఉండేది కాదు. చేతికి చీపురిచ్చి మెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టమన్నారు. అదే నా సన్మానం.

పెద్ద షావుకారుకి చదువుల కంటే బోణీ మీద గురి ఎక్కువ. కొత్తగా చేరిన మనిషి మొదటి రోజు తన చేత్తోనే బోణీ చెయ్యాలి. బేరం కుదిరితే చెయ్యి మంచిది, ఉద్యోగం ఉంటుంది. మొదట వచ్చినవాళ్లు ఏమీ కొనకుండా పోతే, ఆ మనిషినీ వాళ్ల వెనకే పంపేస్తారు. అలా క్యారేజీ మూత విప్పకుండానే ఇంటికి పోయినవాళ్లని చూశాను.

ఆ రోజు తలుపులు తీసి అందరం వరసగా నిలబడ్డాం. కొత్తావిడని షావుకారు ఫోనులోనే కుదుర్చుకున్నాడు కాబట్టి ముఖం ఎవరికీ తెలీదు. మొదట లోపలికి అడుగుపెట్టిన ఆవిడ మెడలో చిన్న షావుకారు దండ వేశాడు, శాలువా కప్పాడు, ఫొటోలు తీయించసాగాడు. అవి సాగుతుండగానే మనమంతా ఒకే కుటుంబమని ఉపన్యాసం మొదలెట్టాడు. ఈ కుటుంబంలో యజమానులు తప్ప ఎవరూ కూర్చోకూడదన్న సంగతి మొదటి రోజే ఎందుకులే అనుకున్నాడో ఏమో, చెప్పలేదు. ఆవిడ మాత్రం ఇదేదో కొత్త ఆఫరు అనుకుందేమో, బుద్ధిగా తల ఊపుతూ వింది.

ఈలోగా ఇంకొకామె వచ్చింది. బేరం వచ్చిందని ఆమెని పరుపు మీద కూర్చోబెట్టి నా చేత కూల్ డ్రింకు ఇప్పించారు. గ్లాసు పట్టుకున్న వేళ్ల నిండా జీడి మరకలు. ఆమె నా కొంగు పట్టి లాగి మెల్లిగా అంది.

“అప్పా, నాను పనిలో సేరడానికొచ్చాను. ఎవలికి సెప్పాల? జీడిపిక్కల పని మానేసి వచ్చీసాను, మల్లీ ఎల్లలేను.”

వెళ్లి పెద్ద షావుకారు చెవిన వేశాను. ఆయన దండ వైపు చూశాడు, ఖాళీ అవుతున్న గ్లాసు వైపు చూశాడు. పనికొచ్చి పరుపెక్కిన మనిషి చేత్తో బోణీ ఏమిటి, పంపేయమన్నాడు. తప్పు ఆమెదే మరి. దండ వేసింది కన్నకొడుకు కదా, అతనిది ఎలా అవుతుంది?

“బోణీ ఇంకా సెడలేదు కద బాబూ,” అన్నాను. “దండావిడ ఇక్కడే ఉన్నాది.”

ఆ మాట కొత్తావిడ వింది. గ్లాసు నా చేతిలో పెట్టి, లేచి దండావిడ దగ్గరికి వెళ్లి ఏం కావాలని అడిగింది. అంత సన్మానమూ చేయించుకున్న ఆవిడకి కావలసింది కోడలి జాకెట్టుకి లైనింగు గుడ్డ. కొత్తావిడ తానులు దింపి, ఆవిడ తెచ్చిన జాకెట్టు ముక్కకి రంగు సరిచూసి చూపించింది. రేటు వినగానే దండావిడ గుమ్మం వైపు తిరిగింది. పెద్ద షావుకారు కళ్లు మూసుకున్నాడు.

“దండేసి మరీ పిలిసినోలు రేటు తగ్గించరేటి?” అంది దండావిడ.

“ఆ దండ నాకెయ్యాల్సింది అప్పా,” అంది కొత్తావిడ. “నువ్వే ఉంచీసుకో. రేటొక్కటీ అడక్కు.”

దండావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. గుడ్డ చింపించుకుని, దండా శాలువాలతో సహా వెళ్లిపోయింది. చెయ్యి మంచిదేనని షావుకారు ఒప్పుకున్నాడు. కొత్తావిడ ఉండిపోయింది.

కౌంటరు వెనక ఆ రోజు ఫొటో ఫ్రేము కట్టించి పెట్టారు. అందులో మా ఉద్యోగి దండావిడే. కొత్తావిడ వెనకాల పరుపు మీద కూల్ డ్రింకు తాగుతూ ఉంటుంది. మా షాపులో పనిచేసే మనిషి కూర్చున్న ఫొటో అదొక్కటే ఉంది.