ఎముక చాటుకు వెళ్లిన సూది

పోయిన నెలలో ఓ మంగళవారం రాజయ్యపేట నుంచి మా అత్త ఫోన్ చేసి, “అల్లుడా, మీ మావ ఎల్లిపోయేడు” అంది. వల బాగుచేస్తూ కూర్చున్నచోటే గుండె ఆగిపోయిందట. ఏడ్చాను. ఆ ఏడుపులోనే, క్యాన్సర్ మాత్రం ఆయన్ని పట్టుకుపోలేకపోయింది కదా అని ఓ తృప్తి.

కొన్నేళ్ల కిందట మా మేనమామకు మూత్రం ఇబ్బంది మొదలై ఏడాది దాటినా ఎవరికీ తెలియలేదు. వేటకెళ్లినవాడు పడవ అంచున ఎన్నిసార్లు నిలబడ్డాడో ఎవరు చూస్తారు? వేడి చేసిందని కొబ్బరినీళ్లు తాగుతూ కాలం గడిపేశారు. నూకాలమ్మ జాతరకని అనకాపల్లి మా ఇంటికి వస్తూ దారిలో మూడుసార్లు బస్సు ఆపించారు. అప్పుడు బయటపడింది గుట్టు.

“సముద్రంలో ఎవుడు లెక్కెడతాడ్రా!” అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడే విశాఖపట్నం లాక్కెళ్లాను.

ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు డాక్టరమ్మ. గడ్డలోకి సూదులు దించి, వాటి గుండా లోపలే రేడియేషన్ ఇవ్వాలట. చిక్కల్లా, ఆయన గడ్డ కొంత ఎముక చాటున ఉంది. తిన్నని సూది అక్కడికి చేరదు. దారి తప్పితే పక్కనున్న మూత్రాశయానికీ, పేగుకీ ముప్పు; మూత్రానికి సంచీ తగిలించాల్సి రావచ్చట.

“సంచీ ఏలాడేసుకుని పడవెక్కమంటావేటి? నానొల్లను” అని లేచిపోయారు మామయ్య.

ఆవిడ కోప్పడలేదు. బల్ల మీద గాజులా కనిపించే మెత్తని దిమ్మ ఒకటి పెట్టారు. మధ్యలో ఎముకకు బదులు తెల్లటి ముక్క, దాని వెనక ఓ ఎర్రచుక్క. మామూలు సూది గుచ్చితే ముక్కకు తగిలి ఆగిపోయింది. తర్వాత కొత్త సూది తీశారు. ఆవిడ దాని వెనకున్న పిడి తిప్పుతుంటే లోపల దాని మొన నెమ్మదిగా ఒంగి, ముక్కను తప్పించుకుని, సరిగ్గా ఎర్రచుక్క దగ్గర ఆగింది. ఇంకా పరీక్షల్లో ఉన్న పద్ధతనీ, ఒప్పుకున్నవాళ్లకే చేస్తామనీ చెప్పారు.

మామయ్య మళ్లీ కూర్చున్నారు. “సూది దిగతంటే మాంసం ఊరుకుంటాదేటమ్మా? పక్కకి జరగదా? నీటి లాగుడు సూసుకుని మేం గేలం కాసింత ఇవతలే ఏత్తాం. మీరూ అంతేనా?”

ఆవిడ సూది పక్కన పెట్టి ఆయన వైపు తిరిగారు. “అంతే పెద్దాయనా. అది నేర్చుకోడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.”

“అయితే సంతకం ఎక్కడెట్టాల?”

నడుము కింద మత్తిచ్చారు గానీ మెలకువగానే ఉన్నారట. తెర మీద సూది కదులుతుంటే, “అదుగో, తిరగతంది!” అని నర్సుకు చూపించారట.

సంచీ అవసరం రాలేదు. మూడో నెలలో మళ్లీ వేటకెళ్లారు. కంటికి కనిపించని లోతులో ఏం జరుగుతుందో చేత్తో పసిగట్టే మనుషులిద్దర్ని ఆ దిమ్మ చూపించిన రోజు ఒకే గదిలో చూశాను.

ఆ దిమ్మను అడిగి మరీ తెచ్చుకున్నారు మామయ్య. కిటికీలో పెట్టుకుని, చేపలకొచ్చిన వాళ్లందరికీ ఎండకెత్తి చూపేవారు. “సూడు, ఎలాగ తప్పించుకెల్లిందో!”

దినం నాడు అత్త దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎండకెత్తాను. లోపల సన్నని గీత అలాగే ఉంది, ఒంపు తిరిగి ఎర్రచుక్క దాకా. పైన, ఆయన బొటనవేలు ఆనేచోట చేప పొలుసొకటి అంటుకుని ఎండిపోయింది. తుడవబోయి మానేశాను.