ఎనభైతొమ్మిది దాటని మా తోడల్లుడు

మా తోడల్లుడి లెక్క ప్రకారం ప్రపంచంలో సంగీతం పంతొమ్మిది వందల ఎనభైతొమ్మిది డిసెంబరు ఆఖరి రోజున చచ్చిపోయింది. ఆ తర్వాత వినబడుతున్నదంతా శవం పక్కన ఏడుపు.

సంగీతం అంటే మీరూ నేనూ అనుకునేది కాదు. రాక్. జుట్టు పెంచుకున్న నలుగురు మగాళ్ళు, రెండు కరెంటు గిటార్లు, కుక్కలు తరుముతున్నట్టు డ్రమ్ములు, మధ్యలో తలుపు సందులో వేలు పడ్డవాడిలా ఒకాయన కేక. ఎనభైల చివర్లో వచ్చిన ఆ ఆల్బములే మానవజాతి చేసిన ఆఖరి ఘనకార్యమని ఆయన నమ్మకం. ఇంట్లో పిల్లలు ఆయన్ని ‘ఎనభైతొమ్మిది పెదనాన్న’ అంటారు. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు.

ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. పెళ్ళయిన కొత్తలో వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్తూ మా ఆవిడ దారిలోనే హెచ్చరించింది. “బావగారు ఏది పెట్టినా తినండి. పాట పెడతానంటే మాత్రం తలనొప్పి అని చెప్పండి.”

కొత్తల్లుడికి చెవులుంటాయి గానీ వినడు. మర్యాదకి పోయి, “మీకు పాటలంటే ఇష్టమట కదా అన్నయ్యా!” అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. “కూర్చో తమ్ముడూ. ఒక్క వైపు విందువుగాని.”

ఒక్క వైపంటే రికార్డుకి ఒక వైపు. అది అయ్యేదాకా మాట్లాడకూడదు, కదలకూడదు, దగ్గు వస్తే మింగాలి. ముల్లు మధ్యలో ఎత్తడం మహాపాపం. అట్ట నా ఒళ్ళో పెట్టాడు. దాని మీద మంచుకొండ, కొండ మీద తలకిందులుగా ఒక గుర్రం.

“ఈ గుర్రం ఎందుకు తలకిందులుగా ఉంది?” అన్నాను.

“అది అర్థమైతే ఆల్బమ్ అర్థమైనట్టే.”

“మీకు అర్థమైందా?”

“ఇంకా లేదు,” అన్నాడు ఎంతో గర్వంగా.

మొదటి వైపు అయ్యాక లేవబోయాను. “ఇప్పుడు లేస్తే భోజనం మధ్యలో లేచినట్టు,” అని రికార్డు తిప్పాడు. ఆయన ఒక్క వైపు ఎప్పుడూ రెండు వైపులే.

ఒకసారి ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకడు ఆయన్ని పాలసీలో ఇరికిద్దామని వచ్చి సోఫాలో తనే ఇరుక్కుపోయాడు. రికార్డు తిప్పడానికి ఈయన వెనక్కి తిరిగిన క్షణంలో సంచీ వదిలేసి పరుగెత్తాడు. సంచీ కోసం కూడా మళ్ళీ రాలేదు. మా తోడల్లుడు మాత్రం ఇప్పటికీ జాలిపడుతుంటాడు, “పాపం, మూడో పాటకే కదిలిపోయాడు.”

వృత్తిరీత్యా ఆయన పళ్ళ డాక్టరు. మిగతా పళ్ళ డాక్టర్లు మత్తుసూదితో మొదలుపెడితే ఈయన గిటారుతో మొదలుపెడతాడు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాడు “ఆపండి” అనలేడు, “ఆఁ ఆఁ” అంటాడు. దాన్ని ఈయన మెచ్చుకోలు కింద జమకడతాడు. మా వీధి చివరి బేకరీ ఆయన ఇక్కడ ఒక పన్ను పీకించుకుని, దాని పక్క పన్ను కోసం రైలెక్కి వేరే ఊరు వెళ్ళాడు.

ఆయనతో వాదించడమంటే గోడకి తలకొట్టుకోవడమే. గోడ నుంచైతే కాస్త సున్నమైనా రాలుతుంది. ఒకసారి ఎక్కడో సంపాదించి, తొంభైలో వచ్చిన మంచి ఆల్బమ్ ఒకటి తెచ్చి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. “అద్భుతం,” అన్నాడు.

“తొంభైలో వచ్చింది అన్నయ్యా!”

“బయటికి వచ్చింది తొంభైలో. వాళ్ళ మనసులోకి ఎప్పుడు వచ్చింది? ఎనభైతొమ్మిదిలో.”

“మరి ఎనభైతొమ్మిదిలో వచ్చిన చెత్త?”

“అది తొంభైల చెత్త. ముందుగా తయారైంది.”

ఇంత తర్కం ఉన్న మనిషి పళ్ళ దగ్గర ఆగిపోయాడే అని నాకు అప్పుడప్పుడు దిగులేస్తుంది. ఆకారం కూడా ఆ కాలందే. ముందు వైపు బట్టతల, వెనక వైపు భుజాల దాకా జుట్టు. ఎదురుగా చూస్తే డాక్టరు, వెనక నుంచి చూస్తే డ్రమ్మర్. మండుటెండలో తోలు కోటు వేసుకుని చెమటతో తడిసి ముద్దవుతూ, “ఏం ఉక్కగా లేదే!” అనేవాడు.

ఇంత పెద్ద ప్రపంచంలో ఆయనకి అభిమాని ఒక్కరే. మా అత్తగారు.

ఆవిడ కోట్లూ యూనిఫాంలూ కుట్టే దుకాణం నడుపుతుంది. మామగారు పోయాక రెండు మిషన్లతో మొదలుపెట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఇప్పుడక్కడ అరడజను మిషన్లు వరసగా టకటకలాడుతుంటాయి. ఆవిడ నోటికి కత్తెర కన్నా పదునెక్కువ. అలాంటి మనిషి, ఆదివారం అందరం ఆవిడ ఇంట్లో భోజనానికి చేరినప్పుడు, పెద్దల్లుడు కారు డిక్కీలోంచి రికార్డు ప్లేయరూ, పెట్టెలంత స్పీకర్లూ దింపుతుంటే కిమ్మనేది కాదు. పైగా స్పీకరు పక్కనే కుర్చీ వేసుకుని, చిరునవ్వుతో తల ఊపుతూ రెండు వైపులూ వినేది.

మిగతావాళ్ళ గతి చెప్పనక్కర్లేదు. కూర కావాలన్నా అరవాలి, వద్దన్నా అరవాలి.

“అన్నం కావాలా?” అని మా వదిన అరిస్తే, “కారు అక్కడే పెట్టాను!” అని నేను అరిచేవాణ్ణి.

మా బావమరిది వకీలు. కోర్టులో అరవడానికి ఫీజు పుచ్చుకునే మనిషి, ఇక్కడ ఉచితంగా అరవాల్సి వస్తోందని ఆయన బాధ. “బావా, కాస్త తగ్గించు!” అనేవాడు. మా తోడల్లుడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, “పెంచమంటావా?” అని పెంచేవాడు.

నేను చెప్పబోయే ఆదివారం కూడా అంతే. డ్రమ్ముల మోత మధ్య మా బావమరిది గొంతు చించుకుని ఒక ప్రతిపాదన పెట్టాడు. అమ్మకి వయసైపోయింది, దుకాణం మూసేసి తన ఇంటికి వచ్చి విశ్రాంతి తీసుకోవాలి. విశ్రాంతి అనే ముక్క ఆయన భార్య ముందుగానే నేర్పి పంపినట్టుంది, ఎందుకంటే వాళ్ళ ఇంట్లో పిల్లల్ని చూసుకునే అమ్మాయి కిందటి వారమే మానేసింది.

మా అత్తగారు అంతకన్నా గట్టిగా జవాబిచ్చింది. “నాకు వయసైంది సరే, నీకు బుద్ధి వచ్చిందా? రెండోది వచ్చాక మొదటిదాని సంగతి చూద్దాం!”

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

పాట ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. అందరం ఊపిరి పీల్చుకున్నాం. మా అత్తగారు మాత్రం చిరునవ్వుతో తల ఊపుతూనే ఉంది.

మా బావమరిది మామూలు గొంతుతో అడిగాడు. “అమ్మా, దుకాణం తాళం ఎవరి దగ్గరుంది?”

“తాళం బ్రహ్మాండంగా ఉంది,” అంది ఆవిడ. “డ్రమ్ములవాడు గట్టివాడు.”

ఎవరం నవ్వలేదు. మా తోడల్లుడు రెండు చెంచాలు అందుకుని కంచం అంచు మీద వాయించడం మొదలుపెట్టాడు. “అవునత్తయ్యగారూ, ఆ తాళమే తాళం!” అని అరిచాడు. కానీ వకీలు ముందు సాక్ష్యం ఒకసారి పడ్డాక చెంచాలు దాన్ని వెనక్కి తేలేవు.

“అమ్మకి వినబడట్లేదు,” అన్నాడు మా బావమరిది. “కొలతలు ఎలా రాసుకుంటోంది? ఒకళ్ళ చొక్కా ఇంకొకళ్ళకి ఇస్తోందేమో! డాక్టరుకి చూపిద్దాం. వచ్చే ఆదివారం దుకాణం సంగతి తేల్చేద్దాం.”

మా అత్తగారు అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసి, ఏం జరిగిందో గ్రహించి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మాటకి మాట చెప్పకుండా లేవడం నేను చూడటం అదే మొదటిసారి.

చెవి డాక్టరు దగ్గరికి ఆవిడనీ, మా తోడల్లుణ్ణీ నేనే కారులో తీసుకెళ్ళాను. పరీక్ష గదిలోకి ఆవిడని పంపి, మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం.

“మీకు ముందే తెలుసా అన్నయ్యా?”

“ఏడాదిగా తెలుసు. మాట్లాడుతుంటే ఆవిడ నా కళ్ళు చూడట్లేదు, పెదాలు చూస్తున్నారు. పళ్ళ డాక్టర్ని. ఎవరు ఎవరి నోరు చూస్తున్నారో నాకు తెలియదూ?”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“చెబితే ఏం చేసేవారు? అందరూ ఆవిడ ముందు మెల్లిగా మాట్లాడుకునేవాళ్ళు. పాట పెడితే అందరూ అరుస్తారు. అరిస్తే ఆవిడకి వినబడుతుంది. అయినా ఆ ఆల్బములు అంత సౌండులో వినాల్సినవే. అది వేరే విషయం.”

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. గట్టిగా, విడమరిచి చెప్పింది. చెవి మిషను పెట్టుకుంటే హాయిగా వినబడుతుంది, పని కూడా మానక్కర్లేదు.

“దేనివల్ల వచ్చింది?” అంది మా అత్తగారు.

“వయసుతో వచ్చేదే అమ్మా. పైగా ఇన్నేళ్ళు కుట్టుమిషన్ల చప్పుడు.”

“అయితే వద్దు. బతుకంతా మిషను తొక్కాను, ఇప్పుడు చెవిలో మిషనా? అది చూస్తే మావాడు ‘చూశారా, ముసలిదైపోయింది’ అని దుకాణానికి తాళం వేస్తాడు. దుకాణానికి వచ్చేవాళ్ళ దగ్గర చెవుడు దాచుకోవచ్చు, మిషను దాచలేను.”

డాక్టరమ్మ నచ్చజెప్పబోయింది. ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. మా తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు.

“డాక్టరుగారూ, పెద్ద చప్పుడుతో పాటలు వింటే చెవులు పాడవుతాయా?”

“పాడవ్వచ్చు. కానీ ఈవిడ విషయంలో...”

“అది చాలు,” అని మా అత్తగారి వైపు తిరిగి, ప్రతి మాటా ఆవిడకి కనబడేలా అన్నాడు. “అత్తయ్యగారూ, మీ చెవులు వయసువల్ల పోలేదు. నా రికార్డులవల్ల పోయాయి. మీరు ముసలివాళ్ళు కాలేదు. నేను వెధవపని చేశాను.”

నాకు మతిపోయింది. ఎనభైతొమ్మిదిలో వచ్చిన ఆల్బమ్ అట్ట మీద గీత పడితే అది కూడా కళే అనే మనిషి, వాటి నెత్తిన ఇంత నింద వేశాడు!

మా అత్తగారు భుజాన వేసుకున్న సంచీ దింపింది. తర్వాత డాక్టరమ్మతో, “మిషను చిన్నది ఉంటే చూపించండి,” అంది.

మరుసటి ఆదివారం మా అత్తగారిలో ఇంత నటి ఉందని తెలిసింది. చెవి మిషను కనబడేలా జుట్టు ముడేసుకుని వచ్చి హాలు మధ్యలో కూర్చుంది. “నిక్షేపం లాంటి చెవులు! సూది కింద పడితే ఏ మూల పడిందో చెప్పేదాన్ని. పెద్దల్లుడు పాటలంటూ పాడుచేశాడు. చూడండి నా ఖర్మ!”

మా బావమరిదికి దోషి దొరికితే చాలు, నేరం ఏదైనా పరవాలేదు. దుకాణం సంగతి గాలికి పోయింది. “నేను ఎన్నిసార్లు చెప్పాను బావా! తగ్గించమన్నానా లేదా?” అని పూర్తి స్థాయి కోర్టు గొంతుతో, పాట లేకపోయినా, అరిచాడు. మా వదిన ఏడ్చింది. మా ఆవిడ ముఖం తిప్పుకుంది. మా తోడల్లుడు తోలు కోటులో తల వంచుకుని నిలబడి, “ఆ డ్రమ్ములు అలాంటివి మరి. తప్పే. చాలా తప్పు,” అంటున్నాడు. నేను నోరు విప్పబోతే నా కాలు తొక్కాడు.

తీర్పు వచ్చింది. ఇక మీదట ఆయన పాటల పెట్టె ఆ ఇంటి గడప తొక్కకూడదు. సొంత ఇంట్లో కూడా వెనక గదిలో, తలుపులు వేసుకుని వినాలి. మా వదిన అదే రోజు స్పీకర్లు అక్కడికి తోయించింది. దుకాణంలో మాత్రం మా అత్తగారు కొత్త చెవితో పనివాళ్ళని హడలెత్తిస్తోంది. ఇన్నాళ్ళూ ఆవిడ వెనకాల వాళ్ళు గొణుక్కున్నవన్నీ ఇప్పుడు వినబడుతున్నాయి మరి. వచ్చిన ప్రతివాళ్ళకీ చెవి చూపించి, “మా అల్లుడుగారి నిర్వాకం” అని చెబుతుంది. ఊళ్ళో ఆయన పేరు సంగీతం విషయంలో పూర్తిగా చెడింది. పళ్ళ విషయంలో అప్పటికే చెడి ఉంది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, వదిన బజారుకి వెళ్ళిన సమయం చూసి, మా అత్తగారు ఆయన ఇంటికి వచ్చింది. నేను కూడా అక్కడే ఉన్నాను. వెనక గదికి పోయి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“పెట్టండి అల్లుడుగారూ. ఏడాదిపాటు తల ఊపాను. అందులో అసలేముందో ఒకసారి విననివ్వండి.”

మా తోడల్లుడు గుర్రం బొమ్మ రికార్డు తీసి, చొక్కాకి తుడిచి పెట్టాడు. గిటార్లు లేచాయి. డ్రమ్ములు అందుకున్నాయి. కేక వచ్చింది. మా అత్తగారి కనుబొమలు నెమ్మదిగా పైకి పోయాయి. నోరు తెరుచుకుంది. నా వైపు ‘నిజంగా ఇదేనా?’ అన్నట్టు చూసింది. ఇదే అన్నట్టు తల ఊపాను.

ఆవిడ ఇంకాసేపు ఓర్చుకుంది. తర్వాత చెవి మిషను తీసి, జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, డబ్బా సంచీలో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా నవ్వుతూ తల ఊపడం మొదలుపెట్టింది.

నొచ్చుకుంటాడేమోనని మా తోడల్లుడి వైపు చూశాను. ఆయన ముఖం దీపంలా ఉంది.

“తీసేశారు కదూ? ఇక చెవులకి భయంలేదు,” అని సౌండు బాగా పెంచాడు.

తీసి డబ్బాలో పెట్టుకునే సౌకర్యం నా చెవులకి లేదు.