మీసానికో అరుగు

ఈమధ్య గడ్డం గీసుకునే ఓపిక కూడా లేక మీసం పెరిగిపోయింది. పెంచానని చెబితే అబద్ధం, ఆపలేదంతే. మొన్న మాదాపూర్‌లో మా ఆఫీసు కాఫీ యంత్రం దగ్గర నిలబడి ఒక గుక్క తాగేసరికి నురగంతా మీసానికి అంటుకుంది. పక్కనున్న కుర్రాడు, "అన్నా, జర మూతి తుడుచుకో. మీటింగ్ ఉంది" అన్నాడు. తుడుచుకుంటూ చూస్తే కప్పు నా ఎడమ చేతిలో ఉంది. నేను పుట్టుకతోనే ఎడమచేతివాణ్ణి కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ మా మావయ్య పదిహేడో నంబరు కప్పు గుర్తొచ్చి, కాఫీ చల్లారేదాకా అక్కడే ఉండిపోయాను.

మావయ్య ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా రిటైరయ్యాడు. కాకినాడ నుంచి వచ్చి చందానగర్‌లో స్థిరపడ్డాక ఆయనకు పట్టుకున్న పిచ్చి మీసాల కప్పులు. వెనకటి దొరలు మీసాలకు మైనం రాసి మెలితిప్పేవారట. వేడి టీ తగిలితే మైనం కరిగి మీసం వాలిపోయేది. అందుకని పింగాణీ కప్పులో, ఒకవైపు అంచుకు లోపలగా, చిన్న పలక అమర్చేవారు. మీసం దాని మీద ఆనుతుంది, కింది సందులోంచి టీ నోట్లోకి వస్తుంది. "మీసం కూర్చోడానికి అరుగురా" అనేవాడు మావయ్య. ఆయన మీసం అరుగు వేసేంత గొప్పదేమీ కాదు. పైగా ఆయన టీ తాగేది స్టీలు గ్లాసులో. అయినా పాతసామాన్ల కొట్లూ వేలంపాటలూ తిరిగి ఒక్కొక్కటే తెచ్చి బీరువాలో పేర్చేవాడు. "మీసం ఒకటి, కప్పులు నలభై ఒకటి. కడిగేదాన్ని నేను" అనేది అత్తయ్య.

కిందటేడు వాళ్లు కూతురికి దగ్గరగా ఉంటుందని పుప్పాలగూడలో చిన్న ఫ్లాట్‌కి మారారు. కప్పులకు అత్తయ్య ఒక్క అర ఇచ్చింది. ఇరవై నాలుగు పడతాయి. ఏవి ఉండాలో తేల్చే పని నాకొచ్చింది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి పట్టిక వేశాను: నంబరు, ఎత్తు, బంగారు గీత, పగుళ్లు, చివరగా వాడుకకు పనికొస్తుందా లేదా. నాకప్పుడు మీసం లేదు కనుక ప్రతి కప్పులో నీళ్లు పోసి తాగి చూశాను. పై పెదవి తడిస్తే ఫెయిల్. ఆ వారమంతా ఆఫీసులో నిద్ర చాలని పని. మధ్యాహ్నానికి ముగించి పడుకోవాలని ఉంది.

పదిహేడోది నీలిపూల కప్పు, ఎక్కడా పగులు లేదు. తాగితే పెదవేమిటి, ముక్కు కూడా తడిసింది. అరుగు నా వైపు కాకుండా అవతలి వైపు ఉంది. "లోపం: అరుగు తప్పు వైపు" అని రాసుకున్నాను.

"సరిగ్గా చూశావా?" అన్నాడు మావయ్య.

"మూడుసార్లు చూశాను."

"ఇంకోసారి చూడరాదూ."

"మూడుసార్లూ అదే వచ్చింది మావయ్యా."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సాయంత్రం మిగిలినవి తీసుకెళ్లడానికి వచ్చిన పాతసామాన్లాయన ఆ కప్పును తిప్పి తిప్పి చూసి, "ఏంది సార్, మంచిగనే ఉంది గదా గిది?" అన్నాడు. "మావాడు ఫెయిల్ చేశాడయ్యా" అని మావయ్యే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

కాఫీ యంత్రం దగ్గర నాకు అర్థమైంది ఇంతే. చిన్నప్పుడు పెద్దల ముందు ఎడమ చేత్తో గ్లాసు అందుకుంటే చేతి మీద దెబ్బ పడేది. ఇప్పుడు ఆఫీసులో పెన్నూ మౌసూ కప్పూ అన్నీ ఎడమ చేతివే. పెద్దవాళ్ల ఎదుట మాత్రం కుడిచెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. మావయ్య ముందు కూర్చుని నలభై ఒక్క కప్పులూ కుడిచేత్తోనే పరీక్షించాను. పదిహేడోదాని పిడి ఎడమ చేత్తో పట్టుకుని ఉంటే అరుగు నా వైపే వచ్చేది.

ఆ సాయంత్రమే పుప్పాలగూడ వెళ్లాను.

"ఆ పదిహేడోది ఎడమచేతివాళ్ల కప్పు కదా మావయ్యా?"

"ఆఁ. అలాంటివి దొరకవు. పదకొండేళ్లు వెతికాను."

"ఎవరికోసం?"

"మనింట్లో ఎడమచేతివాడు ఇంకెవడున్నాడురా?"

"మరి ఆరోజు చెప్పొచ్చుగా."

మావయ్య కప్పుల అర వైపు తిరిగాడు. "నీ చేతి మీద మొదటి దెబ్బ వేసింది నేనేరా. ఏ మొహం పెట్టుకుని చెయ్యి మార్చమంటాను? నువ్వే మారుస్తావేమోనని చూస్తూ కూర్చున్నా."

అక్కణ్ణుంచే పాతసామాన్లాయనకు ఫోన్ చేశాను. "అది ఎప్పుడో పోయింది సార్, ఎవరు కొన్నరో యాది లేదు" అన్నాడు. అత్తయ్య స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చింది. కుడిచెయ్యి లేవబోతే ఆపి, ఎడమ చేత్తో అందుకున్నాను. మావయ్య చూశాడు. నా మీసం మాత్రం తడిసింది.

ఇంటికొచ్చి పదిహేడో వరుసలో "లోపం" అన్న మాట చెరిపేశాను. ఆ గడిలో ఇంకేం రాయాలో తోచలేదు. మాకు లేని ఓపిక కాలానికి ఉంది. ఎప్పుడో పడ్డ చిన్న దెబ్బను ఇన్నేళ్లూ మోసుకొచ్చి, ఇద్దరం అలిసి కూర్చున్నప్పుడు మా మధ్య దించి వెళ్లింది.