గోల్కొండ దర్బారులో నా పదిహేనేళ్లు

ఆ ఇంగ్లీషు వర్తకుడి మీద నాకు మొదటినుంచీ కోపమే. మూడువందల ఏళ్ల కిందట లండన్‌లో చేతితొడుగులు కుట్టేవాళ్లింట్లో పుట్టినవాడు ఉన్న ఊళ్లో ఉండొచ్చు కదా! ఓడెక్కి, వాంతులు చేసుకుంటూ వచ్చి మా బందరులో దిగాడు. పోనీ బందరులో అద్దకం బట్టలు కొనుక్కుని ఊరుకున్నాడా అంటే అదీ లేదు, వజ్రాల మీద ఆశతో ఎడ్లబండి కట్టించుకుని గోల్కొండ దాకా వచ్చాడు. దారిలో తిన్న ప్రతి మామిడిపండునూ, తనకొచ్చిన ప్రతి జ్వరాన్నీ దినచర్యలో రాసిపెట్టాడు. పాత పుస్తకాల కొట్లో ఆ దినచర్య నాకు దొరికేసరికి, ఆయన పేరున్న పుటను చెదలు తినేశాయి. అందుకని ఆయన్ని దొరగారు అనేవాణ్ణి.

నేనూ బందరువాణ్ణే. అదే దారిన హైదరాబాదు వచ్చాను, కాకపోతే బస్సులో. వాంతులు మాత్రం ఇద్దరికీ సమానమే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న బళ్లో చరిత్ర చెప్పే ఉద్యోగం, సైదాబాద్‌లో కిరాయికి ఒక గది. ఇంటాయన నల్గొండ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుడు, లారీ డ్రైవరు. ఆయన గొంతు ఆయన లారీ హారను కన్నా పెద్దది. పన్నెండేళ్లుగా చర్చిలో వేసే క్రిస్మస్ నాటకంలో దుష్టరాజు వేషం ఆయనదే. తూర్పు నుంచి జ్ఞానులు కానుకలు పట్టుకొస్తే, శిశువు ఎక్కడని వాళ్లను గద్దించే రాజన్నమాట. ఆ గద్దింపుకి ముందు వరసలో పసిపిల్లలు ఏడవకపోతే ఆయనకు ఆ రాత్రి అన్నం సయించేది కాదట.

అరవై తొమ్మిది వచ్చింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో ఊరు ఉడికిపోయింది. బడులు మూతపడ్డాయి, గోడల నిండా మా బోటి వాళ్లను వెనక్కి పొమ్మనే రాతలు. ఒక పొద్దున నేను సగం గడ్డం గీసుకుని ఉండగా, మా వీధి విద్యార్థి నాయకుడు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. తలుపు వెనక నక్కి విన్నాను.

"కాకా, నీ ఇంట్ల ఆంధ్ర సారు ఉంటున్నడు గదా. ఖాళీ చేపియ్యి."

ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "నాటకం అయినంక చెప్తా" అన్నాడు.

ఆ నాటకం నేను రాసిందే. బడి వార్షికోత్సవానికని దొరగారి జీవితాన్నంతా నాటకం కట్టాను. మా అందరిలో నీ ముక్కే కాస్త ఇంగ్లీషుగా ఉందని హెడ్మాస్టరు దొర వేషం నాకే ఇచ్చాడు. గోల్కొండ సుల్తానుకు సరిపడా మనిషి బళ్లో దొరక్క ఇంటాయన్ని బతిమాలి ఒప్పించాను. ఒప్పుకున్నాక ఆయనకు పిచ్చి పట్టింది. స్టీరింగు పట్టుకుని కూడా డైలాగులు చదివేవాడు. నన్ను పంపిస్తే దొర లేడు, దొర లేకపోతే సుల్తానూ లేడు. కాబట్టి నాటకం ముగిసేదాకా గది నాది.

నాకు ఆ గది వదిలి పోవాలని లేదు. బందరు వెళితే మా నాన్న బట్టలకొట్లో కూర్చోబెడతాడు, అదొక భయం. అసలు సంగతి, ఆ ఇల్లంటే నాకు ఇష్టం. వదినగారు, అంటే ఇంటావిడ, జొన్నరొట్టె చేసిన ప్రతిసారీ నాకొకటి పెట్టేది. నేను నమిలే తీరు చూసి పడీపడీ నవ్వేది.

అందుకని నాటకాన్ని సాగదీశాను. అసలు దొరగారు గోల్కొండ చూసి బుద్ధిగా ఇంటికి పోయాడు. నేను పోనిస్తేనా! గోల్కొండను చివరికి నెట్టి, ఊళ్లో ఒక బందు జరిగితే ఆగ్రా పంపాను, ఇంకో బందుకు పాట్నా. కర్ఫ్యూ పెట్టినప్పుడు సూరత్‌లో పెళ్లి చేశాను, ఎత్తేశాక పెర్షియాలో ఒంటె మీంచి కింద పడేశాను. రాసిందంతా అరుగు మీద చదువుతుంటే ఇంటాయనకు ఓపిక నశించింది.

"సారూ, గీ దొర ఇంటికి ఎప్పుడు పోతడు?"

"ఇంకా జపాను ఉందండీ అన్నగారూ."

"మరి నేనెప్పుడు ఒస్తా?"

"జపాను అయిపోగానే మీరేనండీ."

ఇంతలో నాలుగు రోజులు ఊరు సద్దుమణిగింది. హెడ్మాస్టరు ఆ శనివారం మధ్యాహ్నమే నాటకం అన్నాడు. ఒక్క గోల్కొండ రంగం చాలు, అరగంటలో ముగించి ఎవరిళ్లకు వాళ్లు పోవాలి. దొరగారి ప్రయాణాలన్నీ నా ట్రంకుపెట్టెలోనే ఉండిపోయాయి. జపాను మీద నేను పడ్డ శ్రమ ఆ హెడ్మాస్టరుకేం తెలుసు!

వదినగారు వెదురుబుట్టకు నల్లగుడ్డ కుట్టి టోపీ చేసింది. పైజామాను ఫుట్‌బాల్ మేజోళ్లలో దోపాను. పౌడరు చాలక మొహానికి బియ్యప్పిండి పూశారు. సుల్తానుకు కొత్తగా ఏమీ కుట్టించలేదు. చర్చి దుష్టరాజు అంగీ, ఆయన కిరీటమే వాడేశాం. రిక్షా దొరక్క ఆ వేషాల్లోనే దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాం. దారిలో నన్ను ఒక్కరు కూడా ఆంధ్రావాడని అనుకోలేదు. ఆ ఏడాది నేను నిర్భయంగా బయట తిరిగింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

బడి ఆవరణ నిండిపోయింది, ఇంటాయన కోసం చర్చివాళ్లూ వచ్చారు. విద్యార్థి నాయకుడు ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను బుట్ట తీసి, మోకాళ్ల మీద వంగి, కానుకగా నా బల్లగడియారాన్ని సింహాసనం ముందు పెట్టాను. ఇప్పుడు సుల్తాను నా కోరిక ఏమిటో అడగాలి. కానీ ఎదుట దూరదేశపు మనిషి, చేతిలో కానుక, తన నెత్తిన అదే కిరీటం. పన్నెండేళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఆయన లేచి నిలబడి, గుడ్లు ఉరిమి గర్జించాడు.

"దూరదేశపు వాడా! ఏ నక్షత్రమును చూచి వచ్చితివి?"

నేను బుట్టను గుండెకు అదుముకున్నాను. "ధ్రువనక్షత్రం ప్రభూ. ఓడలవాళ్లకు అదే దిక్కు."

"శిశువు ఎక్కడ?"

"శిశువు లేడు ప్రభూ. నేను వజ్రాల కోసం వచ్చాను."

"అబద్ధము! భటులారా!"

భటుడి వేషంలో ఉన్న డ్రాయింగు మాస్టారు నిజంగానే కర్ర పట్టుకుని నా మీదికి వచ్చాడు. చర్చివాళ్లు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు ఇదంతా చరిత్రే అనుకున్నారు. జనంలోంచి వదినగారు లేచింది.

"ఏమయ్యో, గది క్రిస్మస్‌ది! గిది గోల్కొండ!"

సుల్తాను ఉలిక్కిపడ్డాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఒక్క డైలాగూ గుర్తు లేదు. అంతలో విద్యార్థి నాయకుడు గొంతెత్తాడు.

"సుల్తాన్ సాబ్, దొరకు ముల్కీ సర్టిఫికెట్ ఉన్నదో లేదో అడుగు!"

అందరూ ఘొల్లుమన్నారు. తరవాత ఒక్కొక్కరే నవ్వు ఆపి ఇంటాయన వంక చూశారు. ముల్కీ అంటే ఇక్కడివాడని చెప్పే కాగితం. అది లేదనే కదా మా బోటివాళ్ల మీద కోపం! నాటకం అయినంక చెప్తానన్న జవాబు ఇప్పుడే చెప్పాల్సి వచ్చిందని నాకు అర్థమైంది. చెమటకు బియ్యప్పిండి కరిగి కళ్లలోకి దిగుతోంది.

సుల్తాను నెమ్మదిగా కూర్చుని కిరీటం సర్దుకున్నాడు.

"ఉన్నదా?"

"లేదు ప్రభూ."

"ఎన్నేండ్లు ఉంటే ఇస్తరు?" అని నాయకుణ్ణి అడిగాడు.

"పదిహేనేండ్లు."

"గంతేనా?" ఆయన నావైపు తిరిగి, రాజు గొంతు వదిలేసి, అరుగు మీద మాట్లాడినట్టే మాట్లాడాడు. "అయితే పదిహేనేండ్లు ఈడనే ఉండు సారూ. గప్పుడు కాగితం పట్టుకొని రా, మాట్లాడుకుందం. గప్పటిదాంక రూము నీదే."

గోల్కొండ కోటలో కిరాయి రూము ఏమిటని ఎవరూ అడగలేదు. ముందుగా నవ్వింది విద్యార్థి నాయకుడే. ఆ తరవాత అతను మా గుమ్మం తొక్కింది ఒక్కసారే, పరీక్షలకు చరిత్ర నోట్సు అడగడానికి.

నా గడియారం మాత్రం తిరిగి రాలేదు. దర్బారులో ఇచ్చిన కానుక వాపసు అడగడం ఏం మర్యాద అన్నాడు ఇంటాయన.

ఆ గదిలోకే నా భార్య వచ్చింది, ఆ అరుగు మీదే నా పిల్లలు పాకారు. మన్సూరాబాద్‌లో చిన్న ఇల్లు కట్టుకుని సామాను బండికి ఎక్కించిన రోజున ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నగారూ, పదిహేనేళ్లు నిండాయండీ" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి, వన్నె పోయిన ఆ కిరీటం పెట్టుకొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"కాగితమేది?"

"ఆ కాగితం ఇప్పుడు ఎవరూ ఇవ్వట్లేదు ప్రభూ."

"కాగితం లేకుంట ఎట్ల పోతవ్? ఇంకో పదిహేనేండ్లు ఉండు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.