అరికాళ్లకు రాసిన బ్రాందీ

నా మొదటి కాన్పు చోడవరంలో, పుట్టింట్లోనే అయింది. పిల్ల దుక్కలా ఉంది. నా కాళ్లే మూడు రోజులైనా చల్లబడి వెచ్చబడలేదు. తన చెల్లెలు బాలింతగా ఇలాగే కాళ్లు చల్లబడి చనిపోయిందని అమ్మకు ఒకటే గుబులు.

బాలింతకు చెంచాడు బ్రాందీ పట్టడం మావైపు మామూలే. కానీ అవి మద్యనిషేధం రోజులు. అమ్మకు తమ్ముడైన మా మావయ్య, మిలటరీలో పనిచేసి వచ్చినవాడు, డాక్టరు చీటీ మీద ఒక సీసా సంపాదించాడు. దానితోపాటు, తన ఆఫీసరు ఇస్తే ఏళ్ల తరబడి మూత తియ్యకుండా దాచుకున్న సీసా కూడా తెచ్చాడు. నాకు పట్టగా మిగిలింది తను రుచి చూస్తాడట!

అరుగు మీద కూర్చుని అమ్మకు పెద్ద పాఠమే చెప్పాడు. చెరకుతో చేస్తే రమ్మట, ద్రాక్షరసం పులియబెట్టి ఆవిరి పడితే బ్రాందీ అట. దాన్ని కర్రపీపాల్లో నిలవ ఉంచుతారట. కొద్దికాలం ఉంటే ఒక నక్షత్రం, ఇంకా ఉంటే మూడు, బాగా పాతదైతే ఇంగ్లీషు అక్షరాలు. అక్షరాలున్నది తాగడానికి, నక్షత్రమున్నది కాళ్లకు రాయడానికి అని చెప్పి పొలం వెళ్లాడు.

అమ్మకు చదువు రాదు, సీసాల మీద ఏది నక్షత్రమో ఏది అక్షరమో తెలియలేదు. నాకు వచ్చు, అడిగితేగా! సీసాలు రెండూ వెలుగులో పెట్టి చూసింది. మాది బెల్లం వండే ఇల్లు. లేతరంగు బెల్లం మొదటి రకం, నల్లబెల్లానికి విలువ లేదు. అంతే, లేతరంగుది నా నోట్లో పోసి, ముదురుది అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా మర్దనా చేసింది. చెయ్యి అడ్డు లేకుండా సీసా అంతా ఖాళీ చేసింది.

సాయంత్రం మావయ్య గుమ్మంలోనే వాసన పసిగట్టాడు. ఖాళీ అయింది ఆఫీసరిచ్చిన అక్షరాల సీసా అని చూసి చతికిలబడ్డాడు. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

కాసేపటికి లేచి, పురుడని కూడా చూడకుండా లోపలికి వచ్చి నా పాదం పట్టుకున్నాడు.

"వెచ్చబడ్డాయే అప్పా," అని అక్కతో అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మావయ్య నా పాదం పట్టుకున్న చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుండెనిండా పీల్చాడు.

"ఇన్నేళ్లకి వాసనైనా సూసేను," అన్నాడు.