బావ నోరు, బావ కాలు

మొన్న ఆదివారం నరసరావుపేటలో సైకిలు పందెం పెట్టి, పాతకాలపు రేసువాణ్ణి కదా అని, గెలిచినవాడికి శాలువా కప్పడానికి నన్ను పిలిచారు. వెళ్ళకపోతే ముసలాయనకు పొగరంటారని వెళ్ళాను. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, పుచ్చకాయ డిప్పల్లాంటి టోపీలు, ఎండ లేకపోయినా నల్లకళ్ళద్దాలు. తాగి విసిరేసిన నీళ్ళ సీసాలు ఏ రైతు మిరపచేలో పడ్డాయో వెనక్కి తిరిగి చూసిన మహానుభావుడు ఒక్కడూ లేడు. కంపెనీల జీతం మీద తొక్కేవాళ్ళట. ఆ మాటకొస్తే నేనూ ఒకప్పుడు జీతానికే తొక్కాను కాబట్టి జీతాన్ని తప్పుపట్టను.

వేదిక మీద పెద్ద టీవీ పెట్టి, వెనక కారులోంచి తీసిన పందెమంతా చూపించారు. నాదెండ్ల నుంచి వచ్చిన ఒకతను పిడుగురాళ్ళ దాటినప్పటి నుంచీ ఎదురుగాలికి రొమ్ము ఒడ్డి ముందు తొక్కుతుంటే, ఇంకొకడు అతని వెనక చక్రం చాటున, గాలి తగలకుండా, పెళ్ళివారి బండిలో కూర్చున్నంత హాయిగా వచ్చాడు. తీరా ఊరి పొలిమేరకు చేరాక ముందతని సైకిలు గొలుసు ఊడింది. చాటున వచ్చినవాడు తల కూడా తిప్పకుండా పక్కనుంచి దూసుకుపోయి గెలిచాడు. నా పక్కన కూర్చున్న పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ విజేత మైకు అందుకుని, "నాదేముందండీ, అంతా పెద్దల ఆశీర్వాదం, నేను చాలా చిన్నవాణ్ణి" అని చేతులు జోడించాడు. చిన్నవాడేనన్న సంగతి మేము అప్పుడే టీవీలో చూశాం.

అది వింటూ కూర్చుంటే నాకు మా అక్క మొగుడు గుర్తొచ్చాడు. వినయం అనే మాటకు మా బావ ఆమడ దూరం. మాచర్లలో ఒక సైకిలు షాపు తరఫున ఆయన, నరసరావుపేటలో ఇంకో షాపు తరఫున నేను, మామూలు రోజుల్లో పంక్చర్లు వేస్తూ, పందేలప్పుడు షాపు పేరు రాసిన బనీన్లు తొడుక్కుని తొక్కేవాళ్ళం. పల్నాడులో తనంత రేసువాడు పుట్టలేదని టీ కొట్టు దగ్గర, బస్టాండులో, ఆఖరికి చావింటికి పలకరింపుకు వెళ్ళినా సరే, అడగని వాళ్ళకు కూడా చెప్పేవాడు. ఆయన గొప్పలు వినలేక నేను పండక్కి కూడా అక్కింటికి పోవడం మానేసిన మాట నిజం.

ఆ ఏడు గురజాల నుంచి నరసరావుపేటకు పందెం. గెలిస్తే గురజాలలో కొత్తగా తెరుస్తున్న షాపు బావకే అప్పగిస్తానని, షాపు వెనక ఉన్న రెండు గదులు కాపురానికి ఇస్తానని ఆయన యజమాని మాట ఇచ్చాడు. మా అక్కది తోడికోడళ్ళ మధ్య నలిగే ఉమ్మడి కాపురం. ఆ గదులు చూసివచ్చి పొయ్యి ఏ మూల పెట్టాలో కూడా అనుకుని, దేవుడికి మొక్కుకుంది. తమ్ముడు ఓడిపోవాలని మొక్కుకున్నానని తర్వాత తనే నవ్వుతూ చెప్పింది.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగ దాటేసరికి మేమిద్దరమే మిగిలాం. ముందు నేను, నా చక్రం చాటున బావ. ఊరు దగ్గరికొస్తుండగా నా గొలుసు ఊడింది. ఒకరి చాటున వచ్చినవాడు అలాంటప్పుడు దాటిపోకూడదన్నది మాలో అందరికీ తెలిసిన పద్ధతే. కానీ ఎదురుగా రెండు గదుల కాపురం ఉండగా ఆ పద్ధతి గుర్తుంచుకుంటాడని నేను అనుకోలేదు. బావ బ్రేకు వేసి దిగాడు. నన్ను పక్కకు నెట్టి, తనే వంగి గొలుసు ఎక్కిస్తూ, "ఏందిరా బామ్మర్దీ, గొలుసు బిగించుకోవటం కూడా చేతకానోడివి, నీకెందుకురా రేసులు? పోయి గేదెల్ని కాసుకో" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. మళ్ళీ ఎక్కాక ఇద్దరం ప్రాణం పెట్టి తొక్కాం. చక్రమంత తేడాతో నేను గెలిచాను.

షాపు ఇంకెవరికో పోయింది. పిక్క పట్టేసిందని, లేకపోతే బామ్మర్దిని మట్టి కరిపించేవాణ్ణని బావ ఊరంతా చెప్పుకున్నాడు. "ఏందయ్యా, ఆ పిక్క ఇయ్యాలే పట్టాలా?" అని అక్క ఏడ్చింది. ఇక ఉండబట్టలేక నేను జరిగింది చెప్పాను. అక్క విని, "ఆ మడిసికి నోరొకటి, కాలొకటిరా" అని కళ్ళు తుడుచుకుని, ఆ ఉమ్మడి వంటింట్లోకే వెళ్ళిపోయింది. తను నా కోసం ఆగిన సంగతి నేను అక్కకు చెప్పానని తెలిసి బావ నాతో ఏడాది పాటు మాట్లాడలేదు.

ఇంతలో వేదిక మీద నా పేరు పిలిచారు. శాలువా కప్పగానే విజేత నా కాళ్ళకు దణ్ణం పెట్టడానికి వంగాడు. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. "నా కాడ ఎందుకు నాయనా వంగటం? ఆ నాదెండ్ల పిల్లోడి గొలుసు కాడ వంగాల్సింది" అన్నాను. మైకు దగ్గర్లోనే ఉన్నట్టుంది, సభంతా వినపడింది. పెద్దాయన చమత్కారం అనుకుని అందరూ నవ్వారు, అతగాడూ నవ్వి మళ్ళీ చేతులు జోడించాడు. నాదెండ్ల అతను ఒక్కడే, వెనక వరసలో, నవ్వలేదు.

ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి, సైకిళ్ళు ఒంటి చేత్తో ఎత్తేంత తేలికయ్యాయి, మాటలు అంతకంటే తేలికయ్యాయి. ఎవరిని కదిలించినా వినయమే. బావ పోయి చాలా ఏళ్ళయింది. బతికున్నంతకాలం ఆయన దేవుడి ముందు కూడా మెడ నిటారుగానే పెట్టుకుని నిలబడ్డాడు. నేను చూస్తుండగా వంగింది ఒకే ఒక్కసారి, ఊడిపోయిన నా గొలుసు ముందు.